ఊరంతా తిరిగే రైక ముక్క

మా వైపు ఏ కార్యానికి పోయినా బొట్టు పెట్టి, చేతిలో ఒక రైక ముక్క పెట్టకుండా పంపరు. ఒడిబియ్యం పోసినా, కొత్తింట్లో పాలు పొంగించినా, సీమంతమైనా, పక్కింటివాళ్లు నోము పట్టినా ముక్క తప్పదు. మగవాళ్లకైతే పాంటు, షర్టు ముక్కలు. పెద్దవాళ్లకు తువ్వాల. ఆ ముక్కను ఎవరూ కుట్టించుకోరని ఇచ్చేవాళ్లకూ తెలుసు, పుచ్చుకునేవాళ్లకూ తెలుసు. ఇంటికి తెచ్చి బీరువా అడుగు అరలో పడేస్తాం. మళ్లీ ఎవరింట్లోనో కార్యం పడితే అది పైకి వస్తుంది. నల్గొండలో బయలుదేరిన ముక్క దేవరకొండ, కల్వకుర్తి, మిర్యాలగూడ తిరిగి మళ్లీ నల్గొండకే చేరుతుందని నాకు గట్టి అనుమానం. మా చిన్నత్తమ్మకు ఒకసారి తను పెట్టిన ముక్కే తిరిగొచ్చింది. మూలనున్న పసుపు మరకను బట్టి గుర్తుపట్టింది. ఏమీ అనలేదు, వచ్చే కార్యానికి ఇంకొకరికి పెట్టింది.

మన ఇళ్లలో బట్టకు కొరత లేదు, కొరతంతా కుట్టే చేతులకే. కొత్తది కొనబోయే ముందు ఇంట్లో ఉన్నదాన్ని మనమే కోసి, మనమే కుట్టుకోవాలన్నది నా వాదన. ఈ మాట అనగానే అందరూ పొదుపు గురించి మాట్లాడుతున్నాననుకుంటారు. పొదుపు లెక్క వేస్తే నేను ఓడిపోతాను. నల్గొండ ప్రకాశం బజార్‌లో రెండొందలకు నైటీ దొరుకుతుంది. అలాంటిది ఇంట్లో కుట్టాలంటే నాకు ఒక ఆదివారం మధ్యాహ్నమంతా పడుతుంది. నా మధ్యాహ్నానికి కూలి కడితే ఆ నైటీ బంగారం ధర పలుకుతుంది. కాబట్టి పైసలు మిగులుతాయని ఎవరికీ చెప్పను. నా తకరారు వేరే.

అది కూలి దగ్గర మొదలవుతుంది. పెట్టుబడికి, అంటే కార్యాల్లో పెట్టడానికి, కొనే రైక ముక్క యాభై, అరవై రూపాయలు. దాన్ని లైనింగ్ వేసి కుట్టిస్తే మా బస్తీలో 400కు తక్కువ లేదు, అస్తరు బట్ట ఖర్చు వేరే. టైలర్లను తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. లైనింగ్ జాకెట్ అంటే ఒకటిన్నర జాకెట్ పని. పైబట్ట, అస్తరు రెండూ కోయాలి, రెండూ కదలకుండా కలిపి డాట్లు వేయాలి, మెడకు పట్టీ తిప్పాలి, చేతులు ఎక్కించాలి, చివరికి కూర్చుని హుక్కులు, చేతికుట్టు. చెయ్యి తిరిగినవాళ్లకే పూటలో మంచి భాగం పోతుంది. ఆ కూలి న్యాయమైనదే. కానీ యాభై రూపాయల బట్టకు నాలుగొందల కూలి ఎవరు పెడతారు? పెట్టరు కాబట్టి ముక్క కుట్టుకు పోదు. కుట్టుకు పోదని తెలుసు కాబట్టి ఇచ్చేవాళ్లు ఇంకా నాసిరకం కొంటారు. ఇప్పుడు కట్టలుగా అమ్మే ముక్కల్లో కొన్ని గంజి మీదనే నిలబడుతున్నాయి. ఒక్కసారి నీళ్లలో వేస్తే జల్లెడ. బట్ట బట్ట కాకుండా పోయి, పసుపు కుంకుమ పక్కన పెట్టే గుర్తుగా మిగిలింది. మనిషి ఒంటికి రాని బట్టను ఊరూరా మోసుకు తిరుగుతున్నాం. నాకు కోపం వచ్చేది ఇక్కడ.

ఈ చక్రం ఒక్కసారి తెగడం మనమంతా చూశాం. 2020లో లాక్‌డౌన్ పడ్డప్పుడు మాస్కులు దొరకలేదు. మిషన్ ఉన్న ప్రతి ఇంట్లో అడుగు అర తెరిచారు. ఎన్నేళ్లుగానో తిరుగుతున్న ముక్కలన్నీ మూతుల మీదికి వచ్చాయి. పూల ముక్కలు, జరీ అంచు ముక్కలు, ఒకాయనకైతే మామిడిపిందెల డిజైను. అప్పుడు ఎవరూ టైలర్ దగ్గరికి పోలేదు, ఎవరూ కూలి లెక్క వేయలేదు. అంటే చేతులు ఉన్నాయి, కూర్చుంటే వస్తుంది. 2024లో బడిపిల్లల యూనిఫారాలు కుట్టే పని మహిళా సంఘాలకు అప్పగించినప్పుడూ అదే కనిపించింది. మిషన్ తొక్కడం వచ్చిన ఆడవాళ్లు ఊరూరా ఉన్నారు. తమ బట్ట తాము కుట్టుకునే అలవాటే తప్పిపోయింది.

ఇంట్లో ఉన్న బట్ట అంటే రైక ముక్కలే కావు. సందూక తెరిస్తే ఏమేం బయటపడతాయో చూడండి. ఒక చోట చిరిగి మిగతాదంతా గట్టిగా ఉన్న నారాయణపేట గళ్ల చీర, రంగు దిగిన దుప్పటి, పాత కర్టెన్లు, బాబు పొడుగై వదిలేసిన పాంట్లు, ఎవరిదో పెళ్లిలో మా ఆయనకు పెట్టిన సూటింగు ముక్క. 2017 నుంచి కొన్నేళ్లు ప్రభుత్వం పంచిన బతుకమ్మ చీరలు కూడా. అవి సిరిసిల్ల మరమగ్గాల మీద నేసినవి, ఎక్కువగా పాలిస్టర్. అక్కడి నేతకు పని దొరకాలన్న ఆలోచన మంచిదే, కాదనను. కానీ మే నెలలో నల్గొండ ఎండ 45 డిగ్రీలు తాకుతుంటే పాలిస్టర్ ఒంటి మీద నిలవదు. పాలమూరు వైపు పల్లి చేన్ల చుట్టూ అడవిపందులు రాకుండా రంగురంగుల చీరలు కట్టి ఉంటాయి చూడండి, చాలా చీరలు చివరికి అక్కడ తేలాయి. చెమట పీల్చని బట్టకు చెమట పట్టని పని చూడాలి. సంచులు, మిషన్ మీద కప్పే గుడ్డ, కూలర్ కవర్, వానాకాలం బడిసంచికి పై తొడుగు. పాలిస్టర్‌ను పారేయమని అనడం లేదు, ఒంటికి దూరంగా కుట్టమంటున్నాను.

ఏది నూలు, ఏది పాలిస్టర్ అని తెలియకపోతే అంచున నాలుగు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని, స్టవ్ దగ్గర అంటించి చూడాలి. నూలైతే కాగితం కాలిన వాసన వస్తుంది, చిదిమితే మెత్తటి బూడిద. పాలిస్టర్ అయితే ముడుచుకుని కరుగుతుంది, చల్లారాక గట్టి పూసలా తగులుతుంది. వేలు పెట్టకండి, కరిగింది చర్మానికి అంటుకుంటుంది. పట్టు కాలితే వెంట్రుక కాలిన కంపు. కలిపి నేసినవి రెండు గుణాలూ చూపిస్తాయి. షాపులో ‘ప్యూర్ కాటన్’ అని ఇచ్చిన ముక్కలు ఈ పరీక్షలో ఎన్ని గట్టెక్కుతాయో మీరే చూసుకోండి.

పత్తి మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పకుండా ఉండలేను. రాష్ట్రంలో పత్తి బాగా పండే జిల్లాల్లో నల్గొండ ఒకటి. గద్వాల వైపు విత్తన పత్తి పండిస్తారు, చేతులతో పువ్వు పువ్వుకూ పుప్పొడి అద్దే పని, కూలీలకు నడుములు పడిపోయే పని. చలికాలంలో జిన్నింగ్ మిల్లుల ముందు పత్తి బండ్లు, డీసీఎం వ్యాన్లు రోడ్డు పొడవునా ఆగి ఉంటాయి. ఇంత పత్తి మధ్యన బతుకుతూ మనం కట్టేది, పెట్టేది, పంచుకునేది పెట్రోలియం నుంచి తీసిన దారం. అందుకే ఇంట్లో ఒక్క మంచి నూలు ముక్క కనిపిస్తే దాన్ని తిప్పడం నాకు పాపంగానే అనిపిస్తుంది. ముందు నీళ్లలో రాత్రంతా నానేసి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేసి పక్కన పెట్టేస్తాను. నూలు మొదటి ఉతుకులోనే ముడుచుకుంటుంది కాబట్టి ఆ ముడుచుకోవడమేదో కోయకముందే అయిపోవాలి. అస్తరుకూ ఇదే మాట. చాలా జాకెట్లు ఒకటి రెండు ఉతుకులకే చంకల దగ్గర లాగడానికి కారణం కొలత తప్పడం కాదు. లోపలి అస్తరు ముడుచుకుంది, పైబట్ట ముడుచుకోలేదు.

ఇంట్లో నేర్చుకునేవాళ్లు ఎక్కువమంది జాకెట్‌తో మొదలుపెడతారు. యూట్యూబ్ తెరిస్తే మొదట కనిపించేది అదే. నన్నడిగితే జాకెట్‌ను ఆఖరుకు ఉంచాలి. ఆడవాళ్ల బట్టల్లో అంత ఇరుకైనది, అంత లెక్క కోరేది ఇంకొకటి లేదు. పావు అంగుళం తేడా వస్తే ఊపిరాడదు. పైగా 80 సెంటీమీటర్ల ముక్కలో తప్పుకు చోటు ఉండదు. పన్నా, అంటే బట్ట వెడల్పు, తక్కువదైతే మోచేతి దాకా చెయ్యి రాదు, కాస్త ఒళ్లున్నవాళ్లకు అసలే రాదు. మొదట దిండు గలీబులు కుట్టండి. నాలుగు తిన్నటి కుట్లు, ఒక మడత. తర్వాత కూరగాయల సంచి. ఆ తర్వాత చీర కిందికి లంగా. పాత నూలు చీర నుంచి ఆరు ముక్కల లంగా కోస్తే చేతికి చాలా సంగతులు తెలుస్తాయి. పైన సన్నం, కింద వెడల్పు ఉన్న ముక్కల్ని తలకిందులుగా పక్కపక్కన పేర్చితే బట్ట ఎంత కలిసొస్తుందో, ఏటవాలు అంచును ఏటవాలు అంచుతో కుడితే ఎలా సాగుతుందో చేత్తో పట్టుకుంటేగానీ అర్థం కాదు.

ఈ సాగే గుణమే మొత్తం కుట్టుపనికి కీలకం. మా జిల్లాలో పడుగు, పేక అంటే ఏమిటో మగ్గం ఉన్న ఇంటి పిల్లలందరికీ తెలుసు. నిలువు దారం పడుగు, అడ్డంగా నేసేది పేక. బట్ట నిలువుగా లాగితే సాగదు, అడ్డంగా కొంచెం ఇస్తుంది, మూలకు మూల పట్టి లాగితే బాగా సాగుతుంది. అందుకే లంగా ముక్క, పాంటు కాలు, కుర్తా ఒంటి భాగం అన్నీ పడుగు వెంట నిలువుగా పెట్టి కోస్తారు. మెడకు తిప్పే పట్టీ మాత్రం ఏటవాలుగా కోస్తారు, ఒంపు తిరగాలి కాబట్టి. ముక్క చాలలేదని పడుగుకు వంకరగా తిప్పి కోసిన కుర్తా నాలుగు ఉతుకులకు ఒక పక్కకు తిరుగుతుంది. రెడీమేడ్‌లో చౌకవాటికి పక్క కుట్లు కడుపు మీదికి ఎందుకు వస్తాయో ఇది తెలిశాక అర్థమవుతుంది. తానులో బట్ట మిగలాలని వంకర పెట్టి కోసేస్తారు.

కొలతలకు టేపు పట్టుకుని ఒంటినంతా కొలవడం కన్నా ఆది బట్టను, అంటే కొలతకు నమూనాగా పెట్టుకునే పాత బట్టను, నమ్ముకోవడం మేలు. టైలర్లు ఊరికే ఆది జాకెట్ అడగరు. మీకు బాగా కుదిరిన పాత కుర్తా ఒకటి, ఇక వేసుకోనిది చూసి, కుట్లన్నీ విప్పేయండి. ఇస్త్రీ చేసి పాత పేపరు మీద పరిచి గీసుకోండి. కుట్టుకు ఎంత వదిలారో ఆ మడత గీతలే చెబుతాయి. ఇంతకంటే మంచి గురువు నాకు దొరకలేదు.

మిషన్ గురించి భయం అక్కర్లేదు. కాలితో తొక్కే పెడల్ మిషన్ పాతదైనా సరే, నూనె చుక్కలు వేసి బెల్టు మారిస్తే నడుస్తుంది. యంత్రాలంటే అంత అనుమానపడ్డ గాంధీజీ కూడా సింగర్ కుట్టుమిషన్‌ను మాత్రం మినహాయించారు. కొత్తవాళ్లు సగంమంది మిషన్ మూలన పడేసేది ఒకే కారణానికి. బట్ట అడుగున దారం ఉచ్చులు ఉచ్చులుగా పడుతుంది. కింద కనిపిస్తుంది కాబట్టి బాబిన్‌ను, అంటే కింది దారం చుట్టిన చిన్న రీలును, తిడతారు, విప్పి తుడిచి మళ్లీ పెడతారు. తప్పు దాదాపు ఎప్పుడూ పైదారానిదే. బట్టను నొక్కిపట్టే మిషన్ పాదం పైకెత్తి పెట్టి, దారాన్ని బిగించే టెన్షన్ బిళ్లల మధ్యకు దారం దిగేలా మళ్లీ ఎక్కిస్తే పోతుంది. సన్నటి బట్టకు 11 నంబరు సూది, మామూలు నూలుకు 14, జీన్సుకు 16. టీషర్టు బట్ట మాత్రం ఈ మిషన్ల మీద మొదట్లోనే పట్టుకోకండి. అది నేసింది కాదు, అల్లింది. మామూలు సూదికి కుట్లు దాటేస్తుంది.

చేనేత చీరను కోయడం మీద మా ఇంట్లో పెద్ద యుద్ధమే నడిచింది. “గింత మంచి చీరను కత్తెరతోని కోస్తవా? చెయ్యెట్ల ఆడుతదే నీకు?” అని మా అత్తమ్మ. ఆమె మాటలో బలం ఉంది. చీర, పంచె, తువ్వాల, పుట్టపాక తేలియా రుమాలు, ఇవన్నీ కోయకుండా వాడే బట్టలు. లావైనా సన్నమైనా చీర అందరికీ సరిపోతుంది. తల్లి కట్టింది బిడ్డ కడుతుంది. కత్తెర పడ్డాక అది ఒక్కరిదే, ఆ ఒక్కరి కొలతదే. పోచంపల్లి చీరైతే ఇంకా కష్టం. నేయకముందే దారాన్ని లెక్క ప్రకారం కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి ఆ డిజైను తెచ్చారు. బట్టకు రెండు వైపులా ఒకే రూపం. దాన్ని అడ్డదిడ్డంగా కోస్తే పువ్వు సగం భుజం మీద, సగం చెత్తబుట్టలో. కాబట్టి మంచిగా ఉన్న చీరను నేనూ కోయను. కుచ్చిళ్ల దగ్గర, కూర్చునే చోట చివికిపోయి, కట్టడానికి పనికిరానిదైతేనే.

అలాంటి చీరలోనూ అన్ని చోట్లా ఒకే బలం ఉండదు. కిటికీకి అడ్డం పెట్టి చూస్తే వెలుతురు ఎక్కడ ఎక్కువ దూరుతుందో అక్కడ బట్ట అయిపోయినట్టు. లోపలికి దోపుకునే మొదటి చుట్టు ఎండ తగలక, రంగు పోక, గట్టిగా ఉంటుంది. కుర్తా ముందు భాగం అక్కడి నుంచి తీయాలి. కొంగు చేతులకు, మెడ పట్టీకి. గద్వాల చీర అయితే ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండూ ఒకేలా ముడుచుకోవు. అంచును విడిగా తీసి, విడిగా ఉతికి, తర్వాత వేయాలి. నారాయణపేట గళ్లు పక్క కుట్టు దగ్గర గడికి గడి కలవాలంటే బట్ట ఎక్కువ పడుతుంది. చీరలో అయిదున్నర మీటర్లు ఉంటాయి కాబట్టి ఆ విలాసం చేయొచ్చు. చివరికి మా అత్తమ్మ పాత నారాయణపేట చీరలోంచి పాపకు గౌను వచ్చింది. “నా చీర నడుస్తుంది సూడు” అని ఆమె వచ్చినవాళ్లందరికీ చూపించింది. వాదనలో ఎవరు గెలిచారో ఇప్పటికీ తేలలేదు. ఆ తర్వాత ఇంకో చీర ఇమ్మంటే మాత్రం ఇవ్వలేదు.

ఇక నాకు ఎదురయ్యే అభ్యంతరాలు రెండు. అందరూ ఇంట్లోనే కుట్టుకుంటే ఇంటి ముందు బోర్డు పెట్టుకుని బతికే ఆడవాళ్ల గతి ఏమిటి అన్నది మొదటిది. నా జవాబు వాళ్లనే అడిగి తెలుసుకున్నది. గలీబులు, లంగాలు, పాత చీరల మార్పులు వాళ్లకు తలనొప్పి. కూలి అడగలేరు, అడిగితే ఇవ్వరు. వాళ్ల తిండి పెళ్లి జాకెట్లలో, వర్క్ జాకెట్లలో ఉంది. అవి నేను కుట్టలేను, కుట్టబోను. పైగా నాలుగు కుట్లు వేసి చూసినవాళ్లు కూలి దగ్గర బేరమాడరు. ఒక మెడ తిప్పడానికి ఎంత ఓపిక కావాలో తెలిశాక “పది రూపాయలు తగ్గించమ్మా” అనే నోరు రాదు.

రెండోది మా వదిన అన్నది. “వంట మాదే, అంట్లు మావే, పిల్లల సదువు మాదే. ఇగ బట్టలు గుడ మేమే కుట్టాల్నా?” దీనికి నా దగ్గర తియ్యటి జవాబు లేదు. ఆమె అన్నది నిజం. ఇంట్లో కుట్టు అంటే ఆడవాళ్ల పని అని ఎవరు రాశారో కూడా తెలియదు. ఊళ్లలో దర్జీ పని మేర కులంవాళ్లది, మిషన్ తొక్కింది మగవాళ్లే. మా నాయనమ్మ చెప్పేది, పెళ్లి కుదిరితే మేరాయన మిషన్ మోసుకొచ్చి అరుగు మీద కూర్చునేవాడట, ఇంటిల్లిపాదికీ అక్కడే కుట్టేవాడట. అదే పని జీతం లేకుండా ఇంట్లో చేయాల్సి వచ్చేసరికి ఆడవాళ్ల పని అయిపోయింది. కాబట్టి మా ఇంట్లో నియమం ఒకటే. గలీబులు, సంచులు మా ఆయన, బాబు కుడతారు. ఆయన కుట్టే సంచి పట్టీలు ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. అయినా ఆలుగడ్డలు కింద పడలేదు.

ముక్కలు పెట్టడం మానేయాలా అంటే, మానేయాలనే అంటాను. మానలేమంటే కనీసం కుట్టుకోదగ్గది పెట్టాలి. మీటరు నూలు బట్ట, మంచి పన్నాతో, గంజి లేనిది. నాలుగు నాసి ముక్కలు కొనే డబ్బుకు అలాంటిది ఒకటి వస్తుంది. పది మందికి పెట్టాల్సి వస్తే బట్ట బదులు చేతిలో డబ్బులు పెడితే తప్పేముంది? మా చిన్నత్తమ్మకు ఈ మాట చెబితే ముక్క లేకుండా బొట్టెట్ల పెడతరని నోరు వెళ్లబెట్టింది. ఆమెతో ఆ వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

షర్టు ముక్కల దగ్గర మాత్రం నేను చేతులెత్తేశాను. కాలరు, కాలరు కింది స్టాండు, చేతి కఫ్ మూడూ ఎవరికి వాళ్లు కుట్టుకునేవి కావు. వాటిలోపల పెట్టే గట్టి గుడ్డను ఇస్త్రీతో అంటించి, మూల తిప్పేటప్పుడు ఒక్క దారం ఎక్కువ లాగితే కాలరు కుక్కచెవి అవుతుంది. మా ఆయనకు వచ్చిన పెట్టుబడి షర్టు ముక్కల్లో నూలువి వేరు చేసి, నానేసి, ఆరేసి, మా వీధి చివర ఉన్న ముసలి టైలర్ దగ్గరికి ఒకేసారి పంపించాం. “ఇన్ని ముక్కలు ఒక్క ఇంట్లో యాడివి సార్?” అని అడిగాడట. రెండు నెలల గడువు అడిగాడు. కూలి అతను చెప్పినంత ముందే ఇచ్చేశాం.